తమ్ముడు రాత్రంతా చూస్తున్న ఆ సినిమాలు

ప్రశ్న: నా తమ్ముడి వ్యాపారం రెండేళ్ళ కిందట మూతపడింది. అప్పులు మిగిలాయి. అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటున్నాడు. పగలంతా నిద్ర, రాత్రి తెల్లవార్లూ సినిమాలు. అన్నీ ఒకే కోవవి: వీధిన పడ్డవాడు కోటీశ్వరుడైన కథలు, కోటీశ్వరుడు వీధిన పడ్డ కథలు, లాటరీ తగిలినవాళ్ళ డాక్యుమెంటరీలు, షేర్ మార్కెట్ మోసగాళ్ళ సిరీస్‌లు. 'ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్' ఎన్నిసార్లు చూశాడో లెక్కే లేదు. ఏమైనా అంటే "వాళ్ళంతా ఇంతకంటే కిందనుంచి లేచారక్కా" అంటాడు. బ్యాంకు నుంచి ఫోను వస్తే మాత్రం తీయడు. ఇప్పుడు మరో వ్యాపారం పెడతానని, దానికి తీసుకునే అప్పుకు నన్ను హామీ సంతకం చేయమని అడుగుతున్నాడు. ఈ సినిమాలు వాడికి ధైర్యం ఇస్తున్నాయా, మత్తులో ముంచుతున్నాయా? మాన్పించాలా? లేకపోతే ఏవి చూపించాలి? సంతకం విషయం కూడా చెప్పండి. — ఒక అక్క

సమాధానం:

అమ్మా, ముందు సంతకం సంగతి తేల్చేద్దాం. సినిమాలు ఎక్కడికీ పోవు.

హామీ సంతకం అంటే సాక్షి సంతకం కాదు. తమ్ముడు కట్టలేకపోతే ఆ అప్పు మీ నెత్తిన పడుతుంది. పాత బాకీల వాళ్ళ ఫోను తీయనివాడికి కొత్త బాకీకి పూచీ పడకండి. ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నవన్నీ తన చేత్తో ఒక కాగితం మీద రాసి మీ ముందు పెట్టమనండి. ఆ కాగితం వచ్చాక కొత్త వ్యాపారం గురించి మాట్లాడదామనండి. కోపం తెచ్చుకుంటాడు. తెచ్చుకోనివ్వండి.

ఇక సినిమాలు. మాన్పించే ప్రయత్నం చేయకండి. ఉన్న ఒక్క వ్యాపకాన్నీ లాగేసుకుంటే తలుపేసుకుని ఫోనులో చూస్తాడు, మీతో మాట్లాడడం కూడా మానేస్తాడు. పైగా అతను ఎంచుకున్న కోవ చెత్తదేమీ కాదు. ఓడలు బళ్ళు కావడం, బళ్ళు ఓడలు కావడం సినిమాకు మొదటినుంచీ ఇష్టమైన వస్తువు. గొప్ప సినిమాలు కొన్ని దాని మీదే వచ్చాయి. చిక్కల్లా ఏమిటంటే మీ తమ్ముడు వాటిని ఒంటరిగా, అర్ధరాత్రి, ఆఖరి పావుగంట కోసం చూస్తున్నాడు. నా మాటగా అతనికి ఒక్క సంగతి చెప్పండి: ఇలాంటి కథలో మనిషి గెలిచాడా ఓడాడా అన్నది చాలావరకు దర్శకుడు దాన్ని ఏ రోజున ఆపాడన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఈ గుట్టును 1924లోనే ఒక జర్మన్ మూకీ సినిమా బాహాటంగా విప్పేసింది. ఇంగ్లీషులో దాన్ని 'ద లాస్ట్ లాఫ్' అంటారు. దర్శకుడు ఎఫ్. డబ్ల్యూ. మూర్నౌ, రచన కార్ల్ మేయర్, ప్రధాన పాత్రలో ఎమిల్ యానింగ్స్. పెద్ద హోటలు గుమ్మం దగ్గర నిలబడే ముసలి ద్వారపాలకుడి కథ. బంగారు గుండీల పొడవాటి కోటు, మెలితిప్పిన మీసం. సాయంత్రం ఆ కోటుతో ఇంటికి నడిచి వస్తుంటే పేటంతా దారి ఇచ్చి సలాము కొడుతుంది. ఒకరోజు బరువైన పెట్టె మోయలేక కాసేపు కూర్చుంటాడు. మేనేజరు అది చూస్తాడు. వయసు మళ్ళిందని కోటు తీయించి, నేలమాళిగలోని మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించే పనిలో పెడతాడు. పూలమ్మిన చోట కట్టెలమ్మలేక ఆ ముసలాయన కోటును రాత్రికి రాత్రి దొంగిలిస్తాడు. పొద్దున పనికి వెళ్ళేటప్పుడు రైల్వేస్టేషన్ సామాన్ల గదిలో దాచిపెడతాడు, సాయంత్రం మళ్ళీ తొడుక్కుని దర్జాగా ఇంటికి వస్తాడు. ఎంతకాలం దాగుతుంది? ఒకరోజు మధ్యాహ్నం ఇంటి నుంచి భోజనం తెచ్చిన మనిషి కంట పడతాడు. సలాము కొట్టిన వాళ్ళే ఆ సాయంత్రం కిటికీల్లోంచి పగలబడి నవ్వుతారు. చివరికి ముసలాయన చీకట్లో ఆ మరుగుదొడ్డిలోనే కూలబడిపోతాడు.

కథ అక్కడికి అయిపోయింది. సినిమా కాలేదు. అంతసేపూ సంభాషణల అట్ట (మూకీల్లో మాటలు రాసి చూపించే పలక) ఒక్కటీ లేకుండా నడిచిన ఆ చిత్రంలో అప్పుడు తెర మీద ఒక అట్ట పడుతుంది. నిజ జీవితంలో అయితే కథ ఇక్కడితో ముగియాలి, కానీ రచయితకు ఈయన మీద జాలి కలిగి, జరిగే వీలు లేని ముగింపు ఒకటి చేర్చాడు అని దాని సారాంశం. మరుక్షణం ముసలాయన అదే హోటల్లో కూర్చుని విందారగిస్తూ ఉంటాడు. ఎవరో కోటీశ్వరుడు ఆ మరుగుదొడ్డిలో ఈయన చేతుల్లో ప్రాణం విడిచాడట, ఆయన ఆస్తంతా ఈయనకు వచ్చిందట. మొదటి ముగింపు దగ్గర లేచిపోయినవాడికి అది పతనం కథ. రెండో ముగింపు దాకా కూర్చున్నవాడికి అదృష్టం కథ. ఆ తర్వాత వచ్చిన సినిమాలన్నీ చేసింది ఇదే, ఆ అట్ట ఒక్కటి తీసేశాయి.

మీ తమ్ముడికి ప్రాణమైన 'ద పర్స్యూట్ ఆఫ్ హ్యాపీనెస్' (2006) సంగతే చూద్దాం. మంచి సినిమా, కాదనను. రైల్వేస్టేషన్ మరుగుదొడ్డిలో కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుని, బయట ఎవరో తలుపు బాదుతుంటే కాలు అడ్డుపెట్టి, శబ్దం రాకుండా ఏడ్చే దృశ్యంలో విల్ స్మిత్‌ను చూసి కదలనివాళ్ళు ఉండరు. అది క్రిస్ గార్డ్‌నర్ అనే నిజమైన మనిషి కథ. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1980ల మొదట్లో అతను చిన్నపిల్లాడితో సహా ఇల్లు లేకుండా తిరిగిన మాట నిజం. సినిమాలో కొడుకుకు ఐదేళ్ళు, నిజానికి అప్పటికి ఆ పిల్లాడు ఇంకా బుడిబుడి నడకల వయసువాడు. సినిమాలో షేర్ బ్రోకర్ సంస్థలో శిక్షణకు జీతం లేదు, నిజానికి నెలకు వెయ్యి డాలర్ల భత్యం ఉండేది. ఇవి చిన్న మార్పులు, సినిమా అన్నాక తప్పవు. అసలు సంగతి చివర్లో ఉంది. ఉద్యోగం వచ్చిందని తెలిసి, రోడ్డు మీద జనం మధ్య చప్పట్లు కొట్టుకుంటాడు. ఆ తర్వాత, అతను 1987లో సొంత సంస్థ పెట్టాడని, 2006లో అందులో కొంత వాటా కొన్ని మిలియన్ల డాలర్లకు అమ్మాడని తెర మీద రాత పడుతుంది. ఉద్యోగం వచ్చిన రోజుకూ సొంత సంస్థకూ మధ్య గడిచిన ఏళ్ళకు ఆ సినిమాలో దృశ్యం ఒక్కటీ లేదు. రెండు వాక్యాల రాత ఉంది. మీ తమ్ముడు చూడాల్సింది ఆ రాత.

ఇంకో మాట కూడా అతని చెవిన వేయండి. గార్డ్‌నర్‌ను ఒడ్డున పడేసింది అప్పు తెచ్చి పెట్టిన వ్యాపారం కాదు, ఉద్యోగం. శిక్షణలో చేరాడు, పరీక్ష రాసి నెగ్గాడు, ఒకరి దగ్గర పనిచేశాడు. సొంత బోర్డు పెట్టుకున్నది ఆ తర్వాత కొన్నేళ్ళకు. సినిమాను అన్నిసార్లు చూసినవాడికి ఇది తట్టకపోవడం వింతేమీ కాదు. ఆఖరి చప్పట్ల కోసం చూసేవాడికి మధ్యలో ఉన్న పరీక్ష కనపడదు.

మోసగాళ్ళ కథల మీద నాకు అంత గౌరవం లేదు, దాచుకోను. 'ద వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్' (2013) మూడు గంటల సినిమా. అందులో షేర్ బ్రోకరు జోర్డన్ బెల్‌ఫోర్ట్ డబ్బు వెదజల్లడం కడుపునిండా చూపిస్తారు. ఆ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఫోనులో గొంతులుగా తప్ప కనపడరు. నిజ జీవితంలో కోర్టు అతనికి నాలుగేళ్ళ శిక్ష వేస్తే 22 నెలలు జైల్లో ఉన్నాడు. బాధితులకు దాదాపు 11 కోట్ల డాలర్లు తిరిగి కట్టాలని తీర్పు. చివరి దృశ్యంలో జైలు నుంచి వచ్చిన నాయకుడు అమ్మకాల కిటుకులు బోధించడానికి వేదిక ఎక్కుతాడు. అతన్ని సభకు పరిచయం చేసే వ్యక్తి వేషం వేసింది ఎవరనుకున్నారు? అసలు బెల్‌ఫోర్టే! తరువాత మార్టిన్ స్కోర్సేసీ కెమెరాను సభలో కూర్చున్నవాళ్ళ వైపు తిప్పి, నోళ్ళు తెరుచుకుని వింటున్న ఆ ముఖాల మీద సినిమా ఆపేస్తాడు. ఆ దర్శకుడు తెలివైనవాడు. మనల్ని మూడు గంటలు ఊరించి, ఊరినందుకు మనల్నే చూపించాడు. షేర్ బ్రోకరు హర్షద్ మెహతా మీద తీసిన సిరీస్ 'స్కామ్ 1992' కూడా మీ తమ్ముడి జాబితాలో ఉండే ఉంటుంది. బాగా తీశారు. కానీ అది చూసినవాళ్ళు తర్వాత చెప్పుకునేదంతా హర్షద్ మెహతా పైకి ఎగబాకిన రోజుల గురించే. ఆయన 2001 డిసెంబరు 31న, 47 ఏళ్ళ వయసులో, కస్టడీలో ఉండగానే చనిపోయాడన్న సంగతి ఎవరూ డైలాగులా చెప్పుకోరు.

లాటరీ సినిమాలను తేలిగ్గా తీసుకోవచ్చు. 'ఇట్ కుడ్ హ్యాపెన్ టు యు' (1994) ఉంది కదా, పోలీసు అతను టిప్పుకు చిల్లర లేక, లాటరీ తగిలితే సగం నీకిస్తానని హోటల్లో వడ్డించే అమ్మాయికి మాటిస్తాడు, తగులుతుంది, ఇస్తాడు, ఇద్దరికీ ప్రేమ. దాని వెనక 1984 నాటి నిజ సంఘటన ఉంది. నిజంగానే ఒక పోలీసు ఉద్యోగి, నిజంగానే ఆమెకు సగం ఇచ్చాడు. ప్రేమ మాత్రం కల్పన. ఎవరి సంసారం వాళ్ళదే, ఇద్దరూ స్నేహితులు. పైగా డబ్బు మూటగా రాలేదు, ఏటేటా వాయిదాల్లో వచ్చింది. మాట నిలబెట్టుకున్న మనిషి ఉండగా ఇంకా ప్రేమకథ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జెఫ్రీ బ్లిట్జ్ తీసిన 'లక్కీ' (2010) అనే డాక్యుమెంటరీ నయం. లాటరీ నెగ్గిన పలువురి జీవితాలను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. ఒకే అదృష్టం ఒకరిని ఒంటరిని చేస్తుంది, మరొకరి కుటుంబమంతటినీ ఒడ్డెక్కిస్తుంది. ఇలాంటివి చూశాక ఎవరో ఒకరు, లాటరీ గెలిచినవాళ్ళలో నూటికి 70 మంది కొన్నేళ్ళలోనే దివాలా తీస్తారని అంటారు. ఆ అంకె ఏళ్ళ తరబడి పత్రికల్లో చక్కర్లు కొట్టింది. ఎవరి పేరు మీద చెలామణి అయిందో ఆ అమెరికన్ ఆర్థిక విద్యా సంస్థే 2018లో అది తమ పరిశోధన కాదని ప్రకటించింది. డబ్బొస్తే అందరూ చెడిపోతారన్నది డబ్బు రానివాళ్ళను ఊరడించే కథ, అంతే.

ఈ వరసలో నాకు అసలు గిట్టనిది 2005లో అమెరికన్ టీవీలో వచ్చిన 'రివర్సల్ ఆఫ్ ఫార్చ్యూన్'. (1990లో ఇదే పేరుతో వచ్చిన కోర్టు కేసు సినిమా వేరు, అది బాగుంటుంది.) ఇల్లు లేక వీధుల్లో బతికే ఒక మనిషికి లక్ష డాలర్లు చేతికిచ్చి, ఏం చేస్తాడో చూద్దామని కెమెరా వెంటపెట్టారు. ఏడాది తిరగకముందే ఆ డబ్బు అయిపోయింది. చూసినవాళ్ళు 'చూశారా, అలాంటివాళ్ళు ఇంతే' అని తీర్పు చెప్పేశారు. ఏళ్ళ తరబడి రేపటి గురించి ఆలోచించే అవసరమే లేకుండా బతికిన మనిషికి ఒక్కసారిగా మూట అందించి, పక్కన కెమెరాను నిలబెట్టి, అతను సరిగ్గా లెక్క రాసుకోలేదని తప్పు పట్టడం పరీక్షే కాదు. ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, రేపు మీ తమ్ముడు అడిగిన మొత్తం ఎవరైనా సర్దినా జరిగేది ఇంచుమించు ఇదే. అతనికి ఇప్పుడు మొత్తం కాదు కావలసింది.

పతనాల వైపు వస్తే, 'ద క్వీన్ ఆఫ్ వెర్సాయ్' (2012) మీ ఇద్దరూ కలిసి చూడండి. ఫోటోగ్రాఫర్ లారెన్ గ్రీన్‌ఫీల్డ్ దర్శకురాలు. సెలవు విడిదుల్లో వాటాలు అమ్మే వ్యాపారంలో కోట్లు గడించిన డేవిడ్ సీగల్, అతని భార్య జాకీ కలిసి ఫ్లోరిడాలో 90 వేల చదరపు అడుగుల భవనం కడుతుంటే ఆ వైభవాన్ని తీద్దామని ఆమె వెళ్ళింది. తీస్తుండగానే 2008 ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది. బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి, భవనం సగంలో నిలిచిపోయింది, ఇంట్లో పనివాళ్ళు తగ్గిపోయారు. జాకీ ఒకచోట అద్దెకారు తీసుకుంటూ, నా డ్రైవరు పేరేమిటని కౌంటరులో అడుగుతుంది. అవతలివాడికి నవ్వాలో వద్దో తెలియదు. ఆ ఇంట్లో పిల్లల్ని పెంచే ఫిలిప్పీన్స్ ఆయా ఉంది. పిల్లలు ఆడుకుని వదిలేసిన బొమ్మరిల్లును ఆమె తన గదిగా మార్చుకుంది. కన్నకొడుకును చూసి ఏళ్ళు గడిచిపోయాయని చెబుతుంది. తొంభై వేల అడుగుల కలకు పక్కనే ఆ బొమ్మరిల్లు కనిపించాక, ఎవరి పతనాన్ని చూసి జాలి పడుతున్నామో మనకే అనుమానం వస్తుంది.

అందులో సీగల్ కాగితాల గుట్టల మధ్య కూర్చుని, ఇంట్లో లైట్లన్నీ ఎందుకు వెలుగుతున్నాయని భార్యాపిల్లల మీద అరిచే ఘట్టం ఉంది. కరెంటు బిల్లు మీద కోపం. అది గుర్తుపెట్టుకోండి, దానికి జోడీ దృశ్యం ఇంకో సినిమాలో ఉంది, చెబుతాను. సినిమా మాత్రం ఆ దిగులు దగ్గర ఆగిపోతుంది. తర్వాతి ఏళ్ళలో సీగల్ కంపెనీ కోలుకుంది, భవనం పని మళ్ళీ మొదలైంది. పదేళ్ళు ఆగి తీసి ఉంటే అది మరో కథ.

'సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012)లో దీనికి తిరగేసిన సంగతి. డెట్రాయిట్‌కు చెందిన గాయకుడు రోడ్రిగెజ్ 1970, 1971లలో రెండు ఆల్బమ్‌లు చేశాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. కూలి పనులకు పోయాడు. అతనికి తెలియకుండానే దక్షిణాఫ్రికాలో ఆ పాటలు ఇంటింటా మోగాయి. 1998లో అక్కడి అభిమానులు అతన్ని వెతికి పట్టుకుని పిలిపించుకుంటే వేలమంది ముందు పాడాడు. చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, ఆస్కార్ కూడా వచ్చింది. అయితే అతను 1979లో, 1981లో ఆస్ట్రేలియా వెళ్ళి కచేరీలు చేసిన సంగతి సినిమాలో లేదు. అది చెబితే 'ఎవరికీ తెలియని మనిషి' అన్న గుట్టు సగం తేలిపోతుంది కదా. డాక్యుమెంటరీ కాబట్టి అంతా ఉన్నదున్నట్టు ఉంటుందనుకునే మీ తమ్ముడిలాంటివాళ్ళకు ఇది తెలియాలి. నాకు అందులో కచేరీ కన్నా నచ్చింది మరొకటి: దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చి అతను అదే పాత ఇంట్లో ఉన్నాడు, వచ్చిన డబ్బులో చాలాభాగం ఇంట్లోవాళ్ళకు, స్నేహితులకు పంచిపెట్టాడు.

మన భాషలో అయితే 'మహానటి' (2018) మీరు చూసే ఉంటారు. సావిత్రి పతనానికి కారణమేమిటని సినిమా నుంచి వచ్చినవాళ్ళను అడిగితే ఒకరు భర్త అంటారు, ఒకరు తాగుడు అంటారు. ఆమె 'చిన్నారి పాపలు' (1968) తీసి, ఆ తర్వాత 'మూగమనసులు'ను తమిళంలో 'ప్రాప్తం' (1971)గా సొంతంగా తీసి దెబ్బతిన్న లెక్కలు ఎవరికీ గుర్తుండవు. సినిమాలో దోషి ఒకడు ఉంటే కథ చిక్కగా ఉంటుంది. మీ ఇంట్లోనూ వ్యాపారం మునిగిందంటే భాగస్వామి వల్లనో, వేళ బాగాలేకనో అని ఒక్క మాటలో చెప్పుకుంటూ ఉంటారు. ఆ బాకీల కాగితం రాయించమన్నది అందుకే. దాంట్లో దోషి పేరు ఉండదు, పద్దులు ఉంటాయి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న, ఏవి చూపించాలని. రెండే చెబుతాను.

మొదటిది 'హూప్ డ్రీమ్స్' (1994). దర్శకుడు స్టీవ్ జేమ్స్. షికాగోలో పేద పేటలకు చెందిన ఇద్దరు నల్లజాతి కుర్రాళ్ళు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ. బాస్కెట్‌బాల్ ఆడి కోట్లు సంపాదించాలని కల. అరగంట సినిమాగా మొదలుపెట్టిన బృందం వాళ్ళ వెంట దాదాపు ఐదేళ్ళు తిరిగి, 250 గంటల ఫుటేజీ తీసింది. ఇద్దరిలో ఎవరూ అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏకు చేరలేదు. అయినా అది ఓటమి కథలా ఉండదు. ఆర్థర్‌ను ఆట కోసం ఒక ప్రైవేటు బడి చేర్చుకుంటుంది, ఫీజు బాకీ పడ్డాక చదువు మధ్యలో మానాల్సి వస్తుంది. బాకీ తీరేదాకా మార్కుల పత్రాలు ఇవ్వమంటారు. అతని తల్లిదండ్రులు ఆ ఆఫీసులో కుర్చీల్లో కూర్చుని, నెలకింత అని వాయిదాలు ఒప్పించుకుంటారు. సినిమాల్లో ఇలాంటి దృశ్యం ఎవరూ పెట్టరు. పాట లేదు, నేపథ్య సంగీతంతో ఉబికే ఆవేశం లేదు, బల్లకు అటొకరు ఇటొకరు. మీ తమ్ముడు ఇక్కడ గదిలోంచి లేచి వెళ్తాడేమో గమనించండి.

ఆ ఇంట్లో ఒకదశలో కరెంటు తీసేస్తారు. కుటుంబం దీపాల వెలుతురులో బతుకుతుంది. ఇందాక చెప్పిన జోడీ దృశ్యం ఇదే. సీగల్ అరుపు, ఈ చీకటి, రెండూ ఒకే బిల్లు గురించి. తల్లి షీలా కెమెరా వైపు చూసి, నెలకు 268 డాలర్లతో ఈ ఇల్లు ఎలా నెట్టుకొస్తున్నానో మీకెప్పుడైనా అనుమానం రాలేదా అని అడుగుతుంది. తీస్తున్నవాళ్ళనే నిలదీసిన మాట అది. తర్వాత ఆమె నర్సింగ్ సహాయకురాలి శిక్షణలో చేరుతుంది, తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. ఆ సంగతి తెలిసినప్పుడు ఆమె ముఖం చూడండి. సినిమా మొదలైంది కొడుకు కల మీద, ఇంటికి దశ తిరిగింది తల్లి చదువుతో. ఆమె మీద కెమెరా ఉంచాలని ఎవరూ ముందు అనుకోలేదు.

రెండోది 'అప్' వరస. 1964లో బ్రిటన్ టీవీ కోసం ఏడేళ్ళ పిల్లలను 14 మందిని ఎంచి 'సెవెన్ అప్!' తీశారు. అప్పుడు పరిశోధకుడిగా పనిచేసిన మైకేల్ ఆప్టెడ్ ఆ తర్వాత ఏడేళ్ళకోసారి వెళ్ళి వాళ్ళనే మళ్ళీ తీస్తూ పోయాడు, 2019లో '63 అప్' దాకా. ఎక్కడ ఆపాలో దర్శకుడి చేతిలో లేకుండా పోయిన సినిమా నాకు తెలిసి ఇదొక్కటే. వాళ్ళలో నీల్ అనే పిల్లాడిని పట్టుకోండి. ఏడేళ్ళప్పుడు కళ్ళు మిలమిలలాడుతూ వ్యోమగామి అవుతానంటాడు, కుదరకపోతే బస్సు నడుపుతానంటాడు. ఇరవై ఒకటికి విశ్వవిద్యాలయం వదిలేసి, ఎవరూ లేని ఇంట్లో దూరి ఉంటూ, కట్టడాల దగ్గర కూలి చేస్తున్నాడు. ఇరవై ఎనిమిదికి ఇల్లు లేకుండా స్కాట్లాండ్‌లో తిరుగుతున్నాడు, మాట్లాడుతుంటే ఒళ్ళంతా వణుకుతూ ఊగుతుంది. ముప్పై అయిదుకు షెట్లాండ్ దీవుల్లో ఒంటరిగా. అక్కడ ఆపి ఉంటే అంతకన్నా విషాదం ఉండదు. '42 అప్'లో చూస్తే లండన్‌లో ఒక ప్రాంతానికి ఎన్నికైన కౌన్సిలరు!

ఎలా లేచాడు? లాటరీ తగల్లేదు, గొప్ప ఆలోచన తట్టలేదు. ఆ పద్నాలుగు మందిలోనే బ్రూస్ అనే ఆయన అప్పట్లో లండన్‌లో స్కూలు మాస్టారు. నీల్ లండన్ వచ్చినప్పుడు కొన్నాళ్ళు తన ఇంట్లో చోటిచ్చాడు. కెమెరా దాన్ని పెద్ద సంఘటనగా చూపించదు, మాటల్లో తెలుస్తుంది. అమ్మా, ఈ కథలో మీరు ఎవరో మీకు అర్థమయ్యే ఉంటుంది. చోటు ఇచ్చారు. అది చిన్న పని కాదు, దానికి పైన సంతకం కూడా పెట్టాలని ఎక్కడా లేదు. తర్వాతి భాగాల్లో నీల్ బాధలన్నీ తీరిపోయినట్టూ ఉండదు. కౌన్సిలరు పనిలో ఉంటూనే డబ్బుకు ఇబ్బంది పడతాడు, ఒంటరితనం గురించి చెబుతాడు. లేవడమంటే అంతే, మిగతాదంతా తెర మీద రాత.

ఇవి చూపించే తీరు కూడా చెబుతాను. రాత్రి వద్దు, సాయంత్రం పెట్టండి. పక్కన కూర్చోండి. "చూశావా, ఆమె ఎలా కష్టపడిందో" లాంటి వ్యాఖ్యానం ఒక్కటీ చేయకండి. అక్క నోట నీతి వినపడగానే ఏ తమ్ముడైనా చెవులు మూసుకుంటాడు. మధ్యలో అతనే ఏదైనా అంటే వినండి, ఊ కొట్టండి. 'పర్స్యూట్' మళ్ళీ పెడతానంటే పెట్టనివ్వండి, ఈసారి చివరి రాత దగ్గర ఒక్కసారి ఆపమని అడగండి, చాలు.

ఒక్క విషయంలో మాత్రం సినిమాలను పక్కన పెట్టండి. రెండేళ్ళుగా పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఫోనంటే భయం. ఇది కేవలం సినిమాల అలవాటు కాకపోవచ్చు. తిండి తగ్గిందా, స్నానం, గడ్డం పట్టించుకుంటున్నాడా, స్నేహితులతో మాటలున్నాయా చూడండి. తను లేకపోతేనే అందరికీ మంచిదన్న అర్థం వచ్చే మాట ఒక్కటి వినిపించినా ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి. వినిపించకపోయినా ఒకసారి చూపించడంలో తప్పు లేదు. బ్యాంకువాళ్ళతో మొదటి మాట మాట్లాడే రోజున పక్కన మీరు ఉంటే అతనికి తేలికవుతుంది. చాలాచోట్ల గడువు పొడిగించడమో, వాయిదా తగ్గించడమో అడగడానికి వీలుంటుంది, అయితే అడగాల్సింది అప్పు తీసుకున్నవాడే.

'హూప్ డ్రీమ్స్' మూడు గంటలకు కొంచెం తక్కువ. ఒక్క బిగిన చూడక్కర్లేదు, రెండు సాయంత్రాలకు పంచుకోండి. 'అప్' వరసలో అన్నీ దొరక్కపోతే నేరుగా '42 అప్' పెట్టండి. ప్రతి భాగంలోనూ పాత భాగాల ముక్కలు చూపిస్తారు కాబట్టి కథ అందకపోవడం ఉండదు.